గరం డబ్బాలో లక్క

మా బావ పోయి ముప్పై ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఆయన్ని మంచివాడంటే ఒళ్ళు మండిపోతుంది. బావ అంటే నా మొగుడికి అన్న. సికింద్రాబాదు బజారులో మోటారు షెడ్డు ఆయనది. నా మొగుడు అందులో మెకానిక్కు. నేను జీతం లేని పనిమనిషిని. కాలిపోయిన మోటార్ల తీగ విప్పి కొత్త తీగ చుట్టేదాన్ని. షెడ్డుకు మంచి పేరుండేది. ఆ పేరులో నా వేళ్ళ పాలు ఎంతో ఆయనకు బాగా తెలుసు. ఒక్కనాడు నోరు విప్పి అన్న పాపాన పోలేదు.

నేను చెప్పేది పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది సంగతి. అప్పటికి నాకు ఇరవై రెండో, ఇరవై మూడో. లాలాగూడలో రైల్వే కాలనీ వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక గది బావది, ఒకటి మాది. బావకు పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. వరండాలో ఒక బల్ల వేసి, దాని మీద చేత్తో తిప్పే చెక్క చట్రం బిగించారు. తీగ చుట్టేది దాని మీదే. పొద్దున వంట ముగించి ఆ బల్ల ముందు కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే లేవడం.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. మా పుట్టింటివాళ్ళు జహీరాబాదులో లక్క గాజులు చేసి అమ్ముకునేవాళ్ళు. నిప్పుల మీద లక్క మెత్తబడగానే వేళ్ళతో సాగదీసి, చుట్టి, అద్దాలు అతికించడం చిన్నప్పటినుంచీ అలవాటు. పెళ్ళయిన కొత్తలో నా మొగుడు ఒక టేబుల్ ఫ్యాను మోటారు ముందేసుకుని, ఆ లావుపాటి వేళ్ళతో సన్నటి తీగను తెంపుతూ, తనను తాను తిట్టుకుంటూ ఉంటే చూడలేకపోయాను. ఇటివ్వమని లాక్కుని చుట్టేశాను. ఫ్యాను తిరిగింది. బావ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. బాగుందనలేదు. మర్నాడు కాలిపోయిన మోటార్లు నాలుగు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన మెచ్చుకోలు అలా ఉంటుంది.

నా కూతురికి ఏడాదిన్నర వచ్చినప్పుడు, బల్ల చుట్టూ తిరుగుతూ కిందపడ్డ తీగ ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంది. పెదవి చీరుకుని నెత్తురొచ్చింది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ బావకు అదే సందయింది.

“పిల్లను మీ అమ్మకాడికి తోలు,” అన్నాడు. “ఒక్క నెల. చేతుల మస్తు పని ఉన్నది. అది ఒడిసినంక తెచ్చుకుందువుగని.”

“ఇంక పాలు సుత మరవలే, బావా,” అన్నాను.

“మీ అమ్మ పెంచలేదా నిన్ను? దీన్ని పెంచదా?”

నా మొగుడు అన్న ముందు నోట్లో నాలుక లేని మనిషి. తల దించుకుని నట్లు తుడుస్తూ కూర్చున్నాడు. వారం తిరక్కుండానే మా తమ్ముడొచ్చి పిల్లను ఎత్తుకుపోయాడు. స్టేషనులో అది నా కొంగు వదల్లేదు. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది నేనే.

ఆ నెల రెండు నెలలయింది, రెండు నాలుగయ్యాయి. అడిగినప్పుడల్లా “జెర ఆగు పిల్లా, గీ పని ఒడువనీ” అనేవాడు. ఒక పని అయితే ఇంకో పని సిద్ధం. ఆ తర్వాత నిజంగానే రోజులు పాడయ్యాయి. హైదరాబాదు రాజ్యంలోకి బయటినుంచి సామాను రాకుండా ఇండియన్ యూనియన్ వాళ్ళు కట్టడి చేశారు. పెట్రోలు లేదు, రేకు ముక్క దొరకదు. ఊళ్ళలో దోపిళ్ళనీ కాల్పులనీ రోజుకో వార్త. “చూసినవా, తొవ్వలు బాగలెవ్వు. గిప్పుడు పిల్లను తెస్తవా?” అని బావ దానికీ నన్నే దబాయించాడు. తొవ్వలు బాగున్న రోజుల్లో తేనివ్వనిది ఎవరు? అలా పద్నాలుగు నెలలు గడిచాయి. నా బిడ్డ మాటలూ పరుగులూ అన్నీ నేను చూడకుండానే వచ్చాయి.

పోలీసు యాక్షన్ అయిపోయింది. జనం రోడ్ల మీదికొచ్చి మిలిటరీ లారీలను చూశారు. కొందరు దండలు వేశారు, కొందరు తలుపులు వేసుకున్నారు. ఎవరు గెలిచారో ఎవరు ఓడారో నాకు పట్టలేదు. జహీరాబాదు తొవ్వ తెరుచుకుంటుందా లేదా, నాకు కావలసింది అదొక్కటే. కొద్ది రోజులకు, ఒక శనివారం నాడు, లారీ డ్రైవరొకడు మా తమ్ముడి చీటీ తెచ్చిచ్చాడు.

“అక్కా, ఈడ బజారు మూతపడ్డది. గాజులు కొనేటోళ్ళు లేరు. షోలాపూరుల మామకాడికి పోదామని అమ్మ అంటున్నది. వచ్చే బేస్తారం పొద్దుగాల బండ్లు కడుతున్నం. ఆ లోపల నువ్వొచ్చి పిల్లను తీస్కపో. రాకుంటే మాతోనే తీస్కపోతం. పసిపిల్లను ఎవలకు అప్పజెప్తం?”

గురువారం పొద్దున. చేతిలో నాలుగు రోజులు. రైలు ఎప్పుడు నడుస్తుందో స్టేషనులో ఉన్నవాళ్ళకే తెలియదు. రోడ్డు మీద పోవాలంటే మిలిటరీ వాళ్ళ చిట్టీ కావాలి. మాలాంటి వాళ్ళకు చిట్టీ ఎవరిస్తారు?

ఒక వకీలుకు ఇచ్చారు. ఆయన కారు మా షెడ్డులోనే ఉంది. జహీరాబాదు పక్కన ఆయనకు భూములున్నాయి, అవి ఉన్నాయో పోయాయో చూసుకోవాలని ఆరాటం. కారు నంబరూ ఆయన పేరూ రాసి, వెంట మరో ముగ్గురు ఉండొచ్చని చిట్టీ ఇచ్చారు. నా మొగుడు జీవితంలో మొదటిసారి నా కోసం ఒకరి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

“సరే, నీ పెండ్లానికి జాగ ఇస్త,” అన్నాడు వకీలు. “శుక్కురారం లోపల ఎన్నడు తయారు చేస్తే అన్నడు పోదాం. లేకిన్ నడిమిట్ల కారు ఆగిందనుకో, మీ షెడ్డు మొకం మల్ల చూడ.”

ఆ కారు సంగతి చెప్పాలి. బేగంపేటలో ఉండే ఒక దొర తన దేశం పోతూ అమ్మేసిన పాత కారు. చలి దేశానికి చేసిన బండి కాబట్టి ముందు సీటు వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక గుండ్రటి రేకు డబ్బా ఉండేది. ఇంజనులో కాగిన నీళ్ళు గొట్టంలోంచి ఆ డబ్బాలోకి వస్తాయి. డబ్బా వెనక చిన్న మోటారు, దానికి రెక్కలు. అది తిరిగితే వేడి గాలి లోపల కూర్చున్నవాళ్ళకు కొడుతుంది. సికింద్రాబాదు ఎండల్లో వేడి గాలి ఎవడికి కావాలి? షెడ్డులో అందరూ విరగబడి నవ్వారు. గరం డబ్బా అని పేరు పెట్టారు.

కానీ ఆ వేసవిలో కారు రేడియేటరు సగం పూడుకుపోయింది. కొత్తది తెప్పిద్దామంటే కట్టడి. అప్పుడు నా మొగుడికే ఒక ఉపాయం తట్టింది. ఇంజను కాగినప్పుడల్లా గరం డబ్బా తిప్పితే, ఆ వేడి కొంత కారు లోపలికి వచ్చేస్తుంది, ఇంజను చల్లబడుతుంది. వకీలు కాళ్ళు మొక్కజొన్న కంకుల్లా కాలేవి, కిటికీలు తెరుచుకుని బూతులు తిడుతూ పోయేవాడు, కానీ పోయేవాడు. ఇప్పుడు ఆ మోటారే కాలిపోయింది. అది లేకుండా ఎండలో ఆ కారు పది మైళ్ళు పోదు, జహీరాబాదు అరవై మైళ్ళకు పైనే.

అలాంటి మోటారు ఊరంతా వెదికినా దొరకలేదు. చివరికి మిలిటరీ వాళ్ళు పారేసిన తుక్కులో అదే కొలతది ఒకటి నా మొగుడు పట్టుకొచ్చాడు. అదీ లోపల కాలిందే. ఆదివారం పొద్దున నా బల్ల మీద పెట్టాడు. నేను అన్నం వండలేదు. మాడిన తీగ విప్పుతూ ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టుకుని, నూలు కప్పిన రాగి తీగ అన్ని చుట్లూ వేసి, మధ్యాహ్నానికి ముగించాను. నా జన్మలో అంత శుభ్రంగా ఏ మోటారూ చుట్టలేదు.

చుట్టడంతో అయిపోదు. తీగ మీద వార్నిషు పట్టించాలి, లేకపోతే తిరిగేటప్పుడు అదిరి, నూలు అరిగి, తీగకు తీగ తగిలి మళ్ళీ కాలుతుంది. వార్నిషు బజారులో కనబడక నెలలయింది. అందుకు నా దగ్గర నా మందు ఉంది. గాజులు చేసే లక్కనే నిప్పుల మీద మెత్తబరిచి, తీగ చుట్ల మీద పలచగా పట్టించేదాన్ని. ఆ కట్టడి కాలంలో సికింద్రాబాదులో ఎన్ని ఫ్యాన్లు నా లక్కతో తిరిగాయో! వేరే షెడ్ల వాళ్ళు మా మోటార్లు విప్పి చూసి, ఇదేమిటో తెలియక తలలు గోక్కునేవాళ్ళు. నాకు అందులో పొగరుండేది. ఎందుకు దాచాలి, చాలా పొగరుండేది.

కుంపటి రాజేసి లక్క పెట్టాను. సాయంత్రం బావ వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా వరండాలోకొచ్చి మోటారు చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

“గిది పంక కాదు పిల్లా,” అన్నాడు. “గరం డబ్బ. లక్క కరుగుతది.”

నేను కుంపటి విసురుతూనే ఉన్నాను.

“దవాఖానల కాంపౌండరు స్పిరిట్ ఇస్తనన్నడు. మంగళారం ఇస్తడు. గాజుల లక్క గాదు, సాదా లక్క తెచ్చి స్పిరిట్‌ల కరగబెట్టి పూసి, మంచిగ ఆరబెడితే రాయి లెక్క గట్టిపడ్తది. బుధారం పొద్దుగాల బయలెల్లితే పగటీలికి జహీరాబాదుల ఉంటవు. వాళ్ళు పోయేది బేస్తారం గదా? రెండు దినాలు ఆగు.”

ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. ఇప్పుడు రాస్తూ కూడా వెతుకుతున్నాను, తప్పు దొరకడం లేదు. కానీ ఆ రోజు నా చెవికెక్కింది ఒకటే, ‘ఆగు’. పద్నాలుగు నెలలుగా ఆ నోటినుంచి నేను విన్న మాట అదే.

“మీరు చెప్పిన ఒక్క నెల పద్నాలుగు నెలలైంది బావా,” అన్నాను. “మీ మంగళారం ఎన్నటికొస్తదో ఎవలకెరుక?”

అంతకు ముందెప్పుడూ ఆయన ముందు గొంతెత్తలేదు. నా మొగుడు లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు. బావ మొహం నల్లబడింది.

“గాడ ఉడుకు నీళ్ళుంటయి. నీ మంచికే చెప్తున్న.”

“నా మంచి చూసినోళ్ళే నా బిడ్డను తోలిన్రు. లక్క సంగతి నాకు చెప్పకున్రి. లక్కలనే పుట్టిన, లక్కలనే పెరిగిన.”

“నీ ఇష్టం,” అని మోటారు బల్ల మీద ఠక్కున పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చప్పుడుకు నాకు కాస్త బెదురు పుట్టింది. దాన్ని కోపంతో తొక్కేసి, మెత్తబడ్డ లక్క చుట్ల మీద పూశాను. నాకు అప్పట్లో అన్నిటికీ కోపమే మందు.

సోమవారం షెడ్డులో మోటారు బిగించారు. నేనూ వెళ్ళాను. ఆడది షెడ్డులోకి రావడమేమిటని ఎవరో గొణిగారు, వినిపించుకోలేదు. నా మొగుడు ముందు సీటు తీసేసి, వెల్లకిలా పడుకుని తల లోపలికి దూర్చాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, గరం డబ్బా వెనక మూడు మరలు విప్పితే పాత మోటారు రెక్కలతో సహా చేతిలోకొచ్చింది. రెక్కలను పట్టుకునే చిన్న మర తుప్పుపట్టి ఒక పట్టాన కదల్లేదు. కిరసనాయిలు పోసి, నానబెట్టి, తట్టి తట్టి తీశాడు. కొత్త మోటారుకు రెక్కలు బిగించి లోపల పెట్టి మీట నొక్కితే గాలి ఇటు రాకుండా వెనక్కి పోయింది. మళ్ళీ విప్పి, లోపలి రెండు తీగలు తారుమారు చేసి కలిపాడు. ఈసారి వేడి గాలి నా మొహానికి కొట్టింది. పావుగంట ఆపకుండా తిప్పాం. ఎక్కడా తడబడలేదు.

నేను బావ వైపు చూశాను. ఆయన ఒక మూల స్టూలు మీద కూర్చుని ఆకురాయితో ఏదో ఇనుప ముక్క అరగదీస్తున్నాడు. తలెత్తలేదు. ఆ పావుగంటా కారు నిలబడి ఉన్నదే గానీ, బరువుతో ఎండలో మైళ్ళకు మైళ్ళు నడిచింది కాదని నాకు తట్టలేదు. ఆయనకు తట్టే ఉంటుంది. కానీ నోరు మూసుకుని ఆకురాయి రుద్దాడు.

మంగళవారం పొద్దున్నే బయలుదేరాం. నా మొగుడు తోలుతున్నాడు, పక్కన వకీలు, వెనక నేను. నా ఒళ్ళో ఒక మూట. అందులో నా కూతురికి కుట్టిన గౌను. ఎంత పెరిగిందో తెలియక పక్కింటి పిల్ల కొలతతో కుట్టాను. మోటారుకు పూయగా మిగిలిన లక్కతో చేసిన చిన్న చిన్న గాజులు రెండు. బేగంపేట దాటేటప్పుడు నాకు నవ్వొచ్చింది. పద్నాలుగు నెలల్లో అదే మొదటిసారి అనుకుంటాను.

పటాన్‌చెరు దాటాక ఎండ ముదిరింది. ముందు మిలిటరీ లారీల వరస, వాటి వెనక దుమ్ములో మెల్లగా పోవాల్సి వచ్చింది. ఇంజను కాగింది. నా మొగుడు గరం డబ్బా మీట నొక్కాడు. మోటారు గుయ్యిమని తిరిగింది. వకీలు కాళ్ళు పైకి లాక్కుని తిట్లు మొదలుపెట్టాడు. నేను మూట గట్టిగా పట్టుకున్నాను.

కొంత దూరం పోయాక వాసన వచ్చింది.

ముందు సీట్లో వాళ్ళకు అది తెలియదు. వాళ్ళకు పెట్రోలు వాసన, రబ్బరు వాసన తెలుసు. నాకు ఈ వాసన పుట్టినప్పటినుంచీ తెలుసు. మా అమ్మ కుంపటి వాసన. లక్క మెత్తబడి, ఇక వేళ్ళకు లొంగుతానని చెప్పే వాసన. నేను నోరు తెరిచి ‘కారు ఆపు’ అనాలి. ఆపి, నీళ్ళు పోసి, ఇంజను చల్లారనిచ్చి, మళ్ళీ రెండు మైళ్ళు, మళ్ళీ ఆగి, అలా పాకుతూ పోయినా మర్నాటికైనా చేరేవాళ్ళం. నాకు ఆ సంగతి తెలుసు. మెకానిక్కు పెళ్ళాన్ని, తెలియకపోవడమేమిటి? కానీ ‘ఆపు’ అంటే బావ చెప్పింది నిజమైపోతుంది. పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. ఒక మైలు. మైలు పైనే ఉంటుంది. ఆ మైలు గురించి నా మొగుడికి చచ్చేదాకా చెప్పలేదు.

మోటారు గుయ్యిమనడం మానేసి మూలిగింది. ఆగిపోయింది. నా మొగుడు మీట పైకీ కిందికీ కొడుతుండగానే ముందునుంచి ఆవిరి ఎగజిమ్మింది, ఠప్పుమని ఒక చప్పుడు. కారు రోడ్డు పక్కకు పోయి నిలబడింది.

నా మొగుడు దిగి మూత తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. “ఇంజను హెడ్డు పగిలింది. ఇగ లేవది,” అన్నాడు.

వకీలు గరం డబ్బాలోకి వంగి, మోటారు కింద వేలు పెట్టి తీశాడు. వేలికి ఎర్రగా, తీగలు సాగుతూ లక్క అంటుకుంది. నా మొహం ముందు పెట్టాడు.

“లక్క పెట్టి మోటారు చుట్టిన్రా? గిది మోటారా, పెండ్లిపిల్ల చెయ్యా? సిగ్గున్నదా మీకు?”

ఆ వేలు కొరికేయాలనిపించింది. మూట చంకన పెట్టుకుని జహీరాబాదు వైపు నడక మొదలుపెట్టాను. నా మొగుడు వెనక పరుగెత్తుకొచ్చాడు. “ఏందే, గంత దూరం నడుస్తవా?” అన్నాడు. “నడుస్త,” అన్నాను. నడిచేదాన్నే. గురువారం పొద్దుటికి చేరేదాన్నే. కానీ రెండు మైళ్ళ దూరంలో మిలిటరీ చెక్‌పోస్టు. రోడ్డుకు అడ్డంగా ఒక దుంగ. ఒక సిపాయి తుపాకి అడ్డం పెట్టి, నాకు తెలియని భాషలో చిట్టీ అడిగాడు. చిట్టీ వకీలు జేబులో ఉంది. నా మొగుడు వెనక్కి పరుగెత్తి వకీలును బతిమాలాడు, అక్కడిదాకా వచ్చి ఒక్క మాట చెప్పమని. వకీలు రాలేదు. నీ పెండ్లాం బిడ్డ కోసం నా కాళ్ళు అరగదీసుకోవాల్నా అన్నాడట. చిట్టీ కూడా ఇవ్వలేదు.

నేను సిపాయికి మూట విప్పి చూపించాను. గౌను చూపించాను, గాజులు చూపించాను, చేత్తో నా బిడ్డ ఎత్తు ఎంతో చూపించాను. అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు దానికీ కోపం వచ్చింది. అక్కడే దుమ్ములో కూలబడి ఏడ్చాను. నా మొగుడు రెక్క పట్టుకుని లేపుకొచ్చాడు.

పక్క ఊళ్ళో ఎద్దులు మాట్లాడి కారుకు కట్టి లాగించుకొచ్చాం. వకీలు ఏదో లారీ పట్టుకుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం కారు వెనక నడిచాం. షెడ్డుకు చేరేసరికి బుధవారం మధ్యాహ్నం.

షెడ్డులో పనిబల్ల మీద ఒక సీసా ఉంది. మూతికి దూది కుక్కి, పైన దవాఖానా చీటీ అంటించి ఉంది. పక్కనే ఒక గిన్నెలో సాదా లక్క, శుభ్రంగా దంచి పెట్టి ఉంది. మంగళవారం పొద్దెక్కకముందే బావ తెచ్చాడట, మేం బయలుదేరిన కాసేపటికే.

ఆయన ఒక్క మాట అడగకుండా కారులోకి దూరి, మోటారు ఊడదీసి బయటికి తెచ్చాడు. స్క్రూడ్రైవరుతో గడ్డకట్టిన లక్కను గీకి, ముక్క నా ముందు పడేశాడు.

“చెప్పిన్నా లేదా?” అన్నాడు.

అంతే. పిల్ల ఏమైందని అడగలేదు. చేరారా, చూశారా అని అడగలేదు. నేను సీసా తీసి నేలకేసి కొట్టాను. స్పిరిట్ వాసన షెడ్డంతా కమ్మింది. “కరుగుతదని ఎరుకైనోనివి కారుకు అడ్డం పండుకోకపోయినవా?” అని అరిచాను. ఆయన్ని నువ్వు అన్నది ఆ ఒక్కసారే. ఆయన చీపురు తెచ్చి గాజు పెంకులు ఊడ్చాడు.

గురువారం వచ్చింది, పోయింది. షోలాపూరునుంచి మొదటి ఉత్తరం రావడానికి పది నెలలు పట్టింది. అప్పటికి నా కడుపులో కొడుకున్నాడు, మంచం దిగొద్దన్నారు. వాడు పుట్టాక మా అమ్మ జబ్బు పడింది, పిల్ల దగ్గర లేకపోతే అన్నం ముట్టనంటోందని రాశారు. ఆ తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకోటి. నా కూతురు నా గుమ్మం ఎక్కేసరికి దానికి ఏడేళ్ళు నిండాయి.

మా తమ్ముడు దాన్ని తీసుకొచ్చిన రోజు నేను గౌను బయటికి తీసి పెట్టుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి. దాని చెయ్యి కూడా ఆ గౌనులో పట్టదు. గాజులు రెండూ వేళ్ళు దాటి పైకెక్కవు. అది గుమ్మంలో నిలబడి ఇల్లంతా చూసింది. నన్ను చూసింది. నేను చేతులు చాచాను.

“అక్కా, జెర మంచినీళ్ళియ్యవా?” అంది.

తప్పేముంది? ఆ ఇంట్లో మా తమ్ముడు నన్ను అక్క అనేవాడు. అక్క రాసింది, అక్క వస్తది, అక్క రాలేదు. అదీ అదే నేర్చుకుంది. మా అమ్మను అమ్మ అనేది. నీళ్ళు తాగి చెంబు నా చేతికిస్తూ, “అమ్మ ఎప్పుడొస్తది నన్ను తీస్కపోనీకి?” అని అడిగింది.

వరండాలో బావ ఉన్నాడు. విన్నాడు. లేచి చెప్పులేసుకుని బజారుకు పోయాడు, ఆ పూట అన్నానికి రాలేదు. నా ముందు ఆయన తల దించడం అదొక్కసారే చూశాను. దానికైనా నా మనసు కరగలేదు. ఆయన ఆఖరి రోజుల్లో ముద్ద కలిపి నోట్లో పెట్టింది నేనే, పెడుతూ కూడా లోపల తిట్టుకున్నాను. నా బిడ్డను తోలింది ఆయన. కానీ వాసన వచ్చినా నోరు మూసుకుని కూర్చున్న ఆ మైలు ఆయనది కాదు, నాది. ఆయన్ని తిట్టినంత సేపూ దాని జోలికి పోనక్కర్లేదు కదా, అందుకే ఇన్నేళ్ళూ తిట్టాను.

మొన్న నాకు జ్వరమొస్తే నా కూతురు ఆస్పత్రిలో చేర్చింది. దానికీ అరవై దగ్గర పడుతున్నాయి, మోకాళ్ళ నొప్పులు. నర్సు కాగితం రాసుకుంటూ, ఈమె మీకేమవుతారని అడిగింది.

“మా అమ్మ,” అంది నా కూతురు.

నేను కళ్ళు తెరిచి చూశాను. అది నర్సు వెళ్ళిపోయేదాకా ఆగి, మాత్ర చేతిలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

“అక్కా, నోరు తెరువు,” అంది.

తెరిచాను.